పులి చేతి కడియము

ఈ సంగతి వ్రాయుటకు నాకు చాలకాలము సిగ్గు అడ్డుపడినది. మా యింటి అటకమీద పసుపుపచ్చని మూతలుగల డబ్బాలు పదకొండు నేటికిని ఉన్నవి. సంక్రాంతికి ఇత్తడి సామాను దింపునప్పుడెల్ల అవి నా కంటబడుచుండును. వానిని పారవేయుదమని మావారు రెండు మారులు అన్నారు గాని నేనే వలదంటిని. అటువంటి డబ్బాలనే నేను ఇంటింటికిని తిరిగి అమ్మితిని. వాని నమ్ముటకు నేను వాడుకొన్నది మా అబ్బాయి జ్వరము.

నెట్‌వర్కు మార్కెటింగు అను మాట విననివారు నేడు మన స్త్రీలలో అరుదు. ఈ వ్యాపారమునకు అంగడి యుండదు. సరకు కొనినవారే దానిని అమ్మువారగుదురు. తమ క్రింద మరికొందరిని చేర్చుదురు. ఆ చేరినవారు కొనినదానిలోను, వారి క్రిందివారు కొనినదానిలోను పైవారికి కొంత భాగము ముట్టుచుండును. పైవారిని అప్‌లైను అనియు క్రిందివారిని డౌన్‌లైను అనియు వాడుక. ఈ వ్యాపారమును గూర్చి పత్రికలలో చాలమంది వ్రాసియున్నారు. నేను చెప్పదలచినది అందులో ఒక్క విషయము మాత్రమే. అక్కడ సరకుకంటె ముందు నడచునది అమ్మువారి సొంతకథ. దాని నెట్లు అల్లుదురో, అది విన్నవారిని ఏమి చేయునో, చెప్పినవారిని ఏమి చేయునో నేను అనుభవించి తెలిసికొంటిని. ఇట్టి కథ చెప్పుటకు వచ్చిన ఆడుపడుచో, తోడికోడలో, పొరుగావిడయో మన గుమ్మములోనికి రాని యిల్లు లేదు గనుక సోదరీమణులకు తెలుపవలెనని తోచినది.

2022 శ్రావణమాసములో మా అబ్బాయికి టైఫాయిడు వచ్చినది. వానికప్పుడు తొమ్మిదేండ్లు. తెనాలిలోని డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, ఇంజక్షనులిచ్చి, తరువాత మాత్రలు వ్రాసిరి. జ్వరము జారిన తరువాత కూడ పిల్లవాడు దిండుకు ఆనుకొనక కూర్చుండలేకుండెను. అప్పుడు వానిని చూచుకొన్నది మా అత్తగారు. ఆమెకు డెబ్బదిరెండేండ్లు. మొదట బార్లీనీళ్లు, తరువాత పలుచని గంజి, తరువాత మెత్తగా ఉడికించిన అన్నములో చారు, ఈ విధముగా వేళ తప్పక పెట్టుచు, రాత్రులు వాని మంచము ప్రక్కనే చాప వేసికొని పరుండెడివారు. పిల్లవాడు కొంచెము తేరుకొనుచుండగా మా పెదనాన్నగారి కోడలు వానిని చూడవచ్చి, ఒక డబ్బా చేతబెట్టి, పాలలో రెండు చెంచాలు కలిపి పోయుమనెను. పోసితిని. మరి మూడు వారములకు వాడు సంచి తగిలించుకొని బడికి పోయినాడు.

జరిగినది ఇంతే.

ఆ సంవత్సరము దసరా సెలవులలో వదినగారు నన్ను విజయవాడకు తీసికొనిపోయిరి. ఒక కల్యాణమండపములో సభ. పెండ్లికి కట్టిన పూలదండలు స్తంభముల మీద ఇంకను వాడుచున్నవి. ఎటు చూచినను స్త్రీలే. పట్టుచీరెలు, గాజుల గలగల, కాఫీలు. ఒకరి తరువాత ఒకరు వేదిక యెక్కి తమ కథ చెప్పుచుండిరి. ఒకామె భర్త పోయి ఇద్దరు బిడ్డలతో పుట్టింట మాటపడినదట. మరియొకామె మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేకుండెడిదట. అందరి కథలును ఒకే మలుపు తిరిగెడివి. ‘ఆ రోజు మా అక్కయ్య ఒక డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టినది’ అనగానే హాలంతయు చప్పట్లు. నా కన్నులు చెమర్చినవి. ఆ కన్నీరు బూటకము కాదని నేటికిని చెప్పగలను.

మధ్యాహ్నము భోజనములైన పిదప క్రొత్తవారిని వేరొక గదిలో కూర్చుండబెట్టి ఒక శిక్షకుడు పాఠము చెప్పెను. ఆ పాఠము నాకు బాగుగా జ్ఞాపకమున్నది. కావ్యములు చదివినదానను గనుక కాబోలు, కథ అల్లిక చెప్పుచున్నారనగా చెవులు నిక్కినవి. కథ రెండు నిమిషములకు మించరాదు. అందులో నాలుగు భాగములుండవలెను: నేనొకప్పుడు ఎట్లుంటిని, నాకు ఏ కష్టము వచ్చినది, ఎవరు నా చేయి పట్టుకొనిరి, నేడు నేనెట్లున్నాను. కష్టమును చెప్పునపుడు వేళయు స్థలమును చెప్పవలెను. ‘రాత్రి రెండు గంటలు, బయట వాన’ అన్నచో విన్నవారికి కన్నులకు కట్టును. సరకు పేరు మూడవ భాగము వచ్చువరకు ఎత్తరాదు. ధర అసలే చెప్పరాదు, వారు అడుగువరకు. కథలో మనుష్యులు ఎక్కువయినచో విన్నవారి మనసు చెదరును. కావున ఒక్క రోగి, ఒక్క డబ్బా చాలును.

విన్నవారు సందేహించినచో వాదమునకు దిగరాదు. ‘మీకు కలిగిన సందేహమే నాకును కలిగినదండీ. మా ఆడపడుచుకు కూడ కలిగినది. వాడి చూచిన తరువాత గదా తెలిసినది!’ అనవలెను. ఇది మూడుమెట్ల మాట. మొదటి మెట్టుమీద మీ ప్రక్క నిలుచుండును, రెండవ మెట్టుమీద మరియొకరిని తెచ్చి నిలుపును, మూడవ మెట్టుమీద మీ సందేహమును మీకు తెలియకయే మీ చేతినుండి తీసికొనును. దుకాణదారుని సరకు బాగులేదన్నచో అతడు నొచ్చుకొనడు. కాని ఒక తల్లి తన బిడ్డ బ్రతికిన వైనము చెప్పుచుండగా, ‘అది ఆ పొడివలననే యని నీకెట్లు తెలియును?’ అని అడుగగలవారెవరు? అడిగినచో పొడిని కాదు, ఆ తల్లిని అవమానించినట్లగును. సొంతకథకు గల బలమంతయు ఇందులోనే యున్నది.

మరియొక సంగతి ఆ శిక్షకుడు గొంతు తగ్గించి చెప్పెను. ఇది మందు అని ఎవ్వరితోను అనవద్దు, ఫలానా జబ్బు తగ్గించునని అనవద్దు, అట్లన్నచో చట్టము ఒప్పుకొనదు. ‘మా అబ్బాయికి వాడితిమి, వాడు లేచి తిరుగుచున్నాడు’ అని మాత్రము అనుడు, అది మీ అనుభవము, మీ అనుభవమును కాదనువారెవరు, అని. ఆనాడు అది ఎంతయో నిజాయితీగల మాటగా నాకు తోచినది! డబ్బామీద చిన్న అక్షరములతో ‘ఔషధముగా వాడుటకు కాదు’ అని యున్నది. అట్టి పోషకాహారపు పొడులమీద ఆ మాట అచ్చువేసి తీరవలెనని మన దేశములో నిబంధన. ఇక మందుల ప్రకటనలను గూర్చిన 1954 నాటి చట్టము, కొన్ని వ్యాధులను కుదుర్చునని చాటుటను నిషేధించినది. మధుమేహము ఆ పట్టికలో నున్నది. సీసాపై వ్రాయరాని మాటను, పత్రికలో అచ్చువేయరాని మాటను, ఒక తల్లి నోట కథగా పలికించిరి. అచ్చుకు అడ్డు కలదు గాని అరుగుమీద మాటకు అడ్డు ఎక్కడిది?

ఇంటికి వచ్చి నూరు పేర్లు వ్రాయవలెనని ఆనతి. మొదట ఏమియు తోచక, మా మరది పెండ్లి శుభలేఖలు పంపిన జాబితా తీసి ముందు పెట్టుకొంటిని. మేనత్తలు, పినతల్లులు, మావారి బడిలోని ఉపాధ్యాయుల భార్యలు, పాలు పోయు ఆమె, రవికలు కుట్టు ఆమె, ఇట్లు ఒక పూటలో నూరును దాటినవి. ఒక్కొక్క పేరు ప్రక్కను ఆ యింటి కష్టమును వ్రాసికొనుమనిరి. ఆ నోటుపుస్తకము నాకడ ఉన్నది. ‘మోకాళ్లు.’ ‘కోడలికి సంతానము లేదు.’ ‘కొడుకు చదువుకు అప్పు.’ ‘భర్తకు షుగరు.’ అన్నియు నా చేతివ్రాతయే.

మన ఆడవారి మాటలకు ఒక మర్యాద కలదు. ఒకామె తన కష్టము చెప్పుకొన్నచో ఎదుటి ఆమె ఊరక వినిపోదు. తన కష్టము కూడ ఒకటి చెప్పును. పేరంటములలో, నూతిగట్టులమీద, ఆస్పత్రి బల్లలమీద తరతరములుగా జరుగుచున్న ఇచ్చిపుచ్చుకోలు ఇది. అందులో లాభనష్టములు లేవు. నేను నా బిడ్డ జ్వరము చెప్పగా ప్రతి యింటను ఎవరో ఒకరి రోగము తిరిగి చెప్పిరి. వారు బదులు తీర్చినారు. నేను దానిని నోటుపుస్తకములో ఎక్కించుకొని, మరునాడు డబ్బాతో వెళ్లితిని. ఆ యిండ్ల మెట్లు ఎక్కుచున్నప్పుడు ఇది నాకు తట్టలేదు. ఇపుడు తట్టుచున్నది, అందుకే పాలు పోయు ఆమె ముఖము చూడలేకున్నాను.

ఇక నా కథ. డాక్టరుగారు మొదటనే జారిపోయిరి. వదినగారు వారిని తీసివేయుమనలేదు, ‘పొట్టిగా చెప్పమ్మా’ అనిరి, అంతే. ఇంజక్షనులు ‘ఎన్ని మందులు వాడినా’ అను మాటలో కలిసిపోయినవి. నిజమునకు వాన లేని రోజులవి. నేను వాన కురిపించితిని. పదిసార్లు చెప్పునప్పటికి పిల్లవాడు అర్ధరాత్రి నా చేయి పట్టుకొని ‘అమ్మా, నేను బ్రతుకుతానా?’ అని అడిగినట్లు ఎట్లు వచ్చి చేరినదో చేరినది. అచ్చటనే ఎల్లరును కొంగులు కన్నుల కద్దుకొనెడివారు.

ఒకనాడు మా వరండాలోనే నలుగురు స్త్రీలకు కథ చెప్పుచుంటిని. అత్తగారు లోపల చేటలో బియ్యము ఏరుచుండిరి. వారందరు వెళ్లిన పిదప ఆమె తలయెత్తక, ‘ఏమమ్మాయీ, నా గంజి సంగతి చెప్పవేం?’ అని మాత్రము అడిగిరి. నవ్వుచునే అడిగిరి. నేను కూడ నవ్వి, ‘కథ పొట్టిగా ఉండాలన్నారు అత్తయ్యా’ అంటిని. ఆమె మరల బియ్యము ఏరుకొనసాగిరి. ఒక్క రోగి, ఒక్క డబ్బా యన్న నియమమునకు లోబడి, నలువది రాత్రులు నేలమీద పరుండిన ముసలియామెను కథనుండి నేనే వెళ్లగొట్టితిని.

రవికలు కుట్టు ఆమె మా వీధి చివరనే యుండును. పేరు వ్రాయను. నోటుపుస్తకములో ‘భర్తకు షుగరు’ అన్న పంక్తి ఆమెదే. మిషను త్రొక్కుచునే నా కథ వినెను. వాన దగ్గర త్రొక్కుట ఆగినది. చేయి పట్టుకొన్న దగ్గర దారము తెగినది. ఆ వారమే రెండు బంగారు గాజులు కుదువబెట్టి పదునెనిమిదివేల రూపాయల సరకు కొని నా క్రింద చేరినది. నా చిత్రపటములో ఒక గడి నిండినది. వదినగారు ఫోను చేసి అభినందించిరి. నాకు వచ్చిన భాగముతో మా అబ్బాయికి సైకిలు కొనినాము.

ఇంచుమించు మూడు నెలల తరువాత, 2023 చైత్రమాసము కాబోలు, ఆమె తలుపులు మూసియుండుట చూచి విచారించితిని. ఆమె భర్తకు కాలి పుండు ముదిరి గుంటూరు ఆస్పత్రిలో ఉన్నాడనిరి. వెళ్లితిని. ఒక వ్రేలు తీసివేసినారు. ప్రభుత్వ వైద్యశాలలో ఇచ్చు షుగరు మాత్రలను ఆమె తన భర్తచేత మాన్పించినదట. పొడితోనే తగ్గుచున్నప్పుడు రెండును ఎందుకని. నేను నివ్వెరపోయి, ‘మాత్రలు మానమని నేను చెప్పలేదే!’ అంటిని. ఆమెకు కోపము రాలేదు. నా ముఖమువంక చూచి, ‘మీరు చెప్పలేదండీ. మీ అబ్బాయికి ఎన్ని మందులకూ తగ్గలేదు, దీనికి తగ్గిందన్నారు గదా’ అనెను.

బస్సులో తిరిగి వచ్చునపుడు నా కథను నేనే మొదటిసారి విచారణకు పెట్టితిని. వానయు, అర్ధరాత్రి మాటయు అబద్ధములు, సరే. వానిని తీసివేసినను మిగిలిన వాక్యములు ఏవి అబద్ధము? బిడ్డకు జబ్బు చేసినది, నిజము. మందులు వాడినాము, నిజము. డబ్బా వచ్చినది, నిజము. బిడ్డ లేచి తిరిగినాడు, నిజము. ఒక్కొక్క పూస మంచిదే; వానిని కూర్చిన దారము దొంగది. టైఫాయిడు తగ్గిన బిడ్డ నెలరోజులలో బలము పుంజుకొనుట వైద్యులు ఎరిగిన సంగతియే. ఆ నెలలో పొడికి బదులు పటికబెల్లము పెట్టినను వాడు లేచెడివాడు. అంతేగాక, వాడి ఫలము కానరాని వారెవ్వరును వేదిక యెక్కి కథ చెప్పరు. విజయవాడ సభలో నేను విన్నవి లేచి నిలువగలిగిన వారి కథలు మాత్రమే. ఇంట పరుండియున్న వారికథ వినుటకు ఏ మండపమును ఎవరును బాడుగకు తీసికొనలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక, మా తండ్రిగారు చిన్నతనమున నాచేత చదివించిన చిన్నయసూరిగారి నీతిచంద్రిక తీసితిని. మిత్రలాభములో ముసలిపులి కథ ఎరుగనివారుండరు. కొలని గట్టున స్నానముచేసి, దర్భలు చేతబట్టి, బంగారు కడియము చూపి తెరువరిని పిలిచిన పులి అది. చిన్నప్పుడు ఆ కథలో నా చూపంతయు కడియము మీదనే యుండెడిది. ఆశపడి బురదలో దిగబడిన బాటసారిని చూచి నవ్వుకొనెడిదానను. ఆ రాత్రి కనుపించినది వేరు. బాటసారి కడియమును చూడగానే దిగలేదు. అతనికి భయము కలిగినది. నిన్నెట్లు నమ్ముదునని అడిగినాడు. అప్పుడు పులి తన కథ చెప్పినది! పూర్వము తాను పాపాత్మురాలనని ఒప్పుకొనినది, ఆలుబిడ్డలు చచ్చిరని చెప్పినది, ఒక పుణ్యాత్ముడు దయతో ఉపదేశించెనని చెప్పినది, ఇప్పుడు గోళ్లుడిగి, కోరలూడి, దానధర్మములతో కాలము గడుపుచున్నానని చెప్పినది. ఎట్లుంటిని, ఏమి కష్టము వచ్చినది, ఎవరు చేయి పట్టుకొనిరి, నేడెట్లున్నాను. నాలుగు భాగములును నాలుగు! కల్యాణమండపపు శిక్షకుడు నేర్పిన పాఠము నాకు పదేండ్ల వయసుననే కంఠస్థమై యున్నది. చదివియు తెరువరిని చూచి నవ్వితిని గాని పులి నోరు వినలేదు.

తెల్లవారి మావారికి చెప్పితిని. వారు లెక్కల మాస్టరుగారు. నన్ను ఒక్కమాట అనక, పరీక్షకాగితము వెనుకవైపున లెక్క వేసిరి. సభలో చూపిన పటము ప్రకారము ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చవలెను. ఆరు, ముప్పదియారు, రెండువందల పదునారు. ఏడవ వరుసకు 2,79,936. పండ్రెండవ వరుసకు 217 కోట్లు దాటును, మన దేశ జనాభాను మించినది. పదుమూడవ వరుసకు 1306 కోట్లు. భూమిమీద అంతమంది లేరు. అనగా ఎక్కడనో ఒక వరుస క్రింద చేర్చుటకు మనుష్యులే యుండరు, ఆ చివరివరుస వారే అందరికంటె ఎక్కువమంది. చదరంగపు గళ్లలో గింజలను రెట్టించుకొనిపోవు లెక్కను చెప్పు పద్యమును నేను పొల్లుపోకుండ అప్పగించగలను. దాని ఫలము ఇరువది అంకెల సంఖ్య. అది నోట నుండియు ఈ ఆరు ఆరులు నాకు తోచకపోయెను. తోచకుండుటకే కథలున్నవని ఇప్పుడనుకొందును. గడిలో అంకె కనబడినచో హెచ్చవేయుదుము. గడిలో ఒక అక్కయ్య కన్నీటి ముఖము కనబడినచో ఎవరు హెచ్చవేయుదురు?

మన చట్టములు ఈ భేదమును గుర్తించినవని వారే చెప్పిరి. సరకు అమ్ముడుపోయినందుకు భాగము పుచ్చుకొనుట వేరు, మనుష్యులను చేర్చినందుకు పుచ్చుకొనుట వేరు. రెండవదానిని 1978 నాటి చట్టమే నిషేధించినది. 2021 డిసెంబరులో కేంద్రప్రభుత్వము చేసిన డైరెక్టు సెల్లింగు నియమములు పిరమిడ్ పద్ధతిని నిషేధించుటయే గాక, అమ్మువారు ముందుగా అనుమతి పొందక, గుర్తింపుకార్డు లేక వినియోగదారుల యిండ్లకు పోరాదని కూడ కట్టడి చేసినవి. నేను తిరిగినదంతయు ఆ నియమములు వచ్చిన తరువాతనే. నా మెడలో ఏ కార్డును లేదు. నూరు ఇండ్లలో ఒక్కరును అడుగలేదు. మాస్టరుగారి భార్యను కార్డు అడుగుదురా?

ఇండ్లలో స్త్రీలను చేర్చి సరకు అమ్ముటయే తప్పని నేననను. అమెరికాలో టప్పర్‌వేరు డబ్బాలు దుకాణములలో కదలకుండగా, బ్రౌనీ వైజ్ అను ఒంటరితల్లి ఇంటింట విందులు జరిపించి వానిని అమ్మించినది. 1951లో ఆ సంస్థ దుకాణములను మాని ఆమె పద్ధతినే చేపట్టినది. 1954లో ఒక ప్రసిద్ధ వ్యాపారపత్రిక ముఖపత్రముపై ఆమె బొమ్మ వేసినది. 1958లో ఆమెను తొలగించిరి. ఆ విందులలో డబ్బాను మూసి, తలక్రిందులు చేసి, నీరు కారదని చూపెడివారు. చూచినవారు తామును తలక్రిందులు చేసి చూడవచ్చును. మా అబ్బాయి జ్వరమును తలక్రిందులు చేసి చూచుటకు రవికలు కుట్టు ఆమెకు దారి యేది?

వదినగారితో తెగతెంపులు చేసికొనుటకు పోయితిని గాని చేసికొనలేకపోతిని. ఆమె కారు వాయిదాలమీద కొన్నదని, నాలుగు వాయిదాలు నిలిచిపోయినవని ఆనాడు తెలిసినది. పెట్టెలు పెట్టెలుగా సరకు పడకగదిలోనే యున్నది. ‘నెలనెలా కొనకపోతే నా స్థాయి పడిపోతుందమ్మా’ అనిరి. నాకు చెప్పిన కథలో ఆ గది లేదు. ఆమెకు కథ చెప్పిన ఆమె కూడ ఆ గది చెప్పియుండదు. ఆమెమీద కోపము తెచ్చుకొనుటకు చాల ప్రయత్నించితిని.

నా గొలుసు ఒకటి అమ్మి రవికల ఆమె పదునెనిమిదివేలును ఇచ్చివేసితిని. వాడని డబ్బాలు తెచ్చుకొంటిని. అటకమీద నున్నవి అవే. పిదప నోటుపుస్తకము పట్టుకొని, నాకడ కొనినవారి యిండ్లకు మరల వెళ్లి, డాక్టరుగారి ఇంజక్షనులు, అత్తగారి గంజి, వాన లేని రాత్రులు, అన్నియు చేర్చి పూర్తికథ చెప్పితిని. అది అరగంట పట్టెడిది. ఎవ్వరును కన్నీరు పెట్టలేదు. ఒకావిడ మధ్యలో లేచి కుక్కరు దింపుటకు పోయినది. మరియొకామె, ‘అయితే ఇంకేదైనా కంపెనీలో చేరారా?’ అని అడిగినది. మోకాళ్ల నొప్పులామె మాత్రము, తనకు ఆ పొడివలన నిజముగా గుణమిచ్చినదని, తెప్పించి పెట్టుమని పట్టుబట్టినది. ఆమెకు నా పాతకథ నా క్రొత్తకథకంటె రుచించినది. ఏమి చేయుదును?

మా అబ్బాయి ఇప్పుడు పొడవైనాడు. మొన్న ఒక రాత్రి అత్తగారి ప్రక్కను పరుండి, ‘అమ్మా, నాకు జ్వరం వచ్చినప్పుడు నేను ఏమనేవాణ్ణి?’ అని అడిగినాడు. ‘బ్రతుకుతానా అని అడిగావురా’ అని నా నోట వచ్చినది. అత్తగారు చీకటిలో, ‘వాడెప్పుడు అడిగాడే? వాడు నిద్రలో లెక్కలు అప్పజెప్పేవాడు. ఎక్కాలు’ అనిరి. పిల్లవాడు పకపక నవ్వినాడు. నేను ఎంత తలపోసికొన్నను ఆ ఎక్కములు నాకు వినబడలేదు. చేయి పట్టుకొన్న పిల్లవాడే కనబడుచున్నాడు. ఎన్నిమార్లు చెప్పితినో అన్నిమార్లు నిజమైన రాత్రిమీద ఒక పొర సున్నము వేసితిని. ఇపుడు గోకినను గోడ కనబడుట లేదు. నా బిడ్డ జ్వరమును నేను అమ్ముకొంటినని మొదట వ్రాసితిని గదా, ఊరక వ్రాయలేదు. అమ్మిన వస్తువు మరల మన యింట నుండదు. అత్తగారి కడ అది భద్రముగా నున్నది గనుక, ఆమెనే అడిగి ఒక్కొక్క రాత్రియు తెలిసికొనుచున్నాను.

ఈ దీపావళికి రవికగుడ్డ తీసికొని వీధి చివరకు వెళ్లితిని. ఆమె భర్త వాకిట కుర్చీలో కూర్చుండి బొత్తములు కుట్టుచుండెను. మందులసంచి ప్రక్కనే చిలుకకొయ్యకు తగిలించియున్నది. ఆమె టేపు తీసి భుజము కొలిచి, చేయి కొలిచి, గోడమీది కాగితములో వ్రాసికొనెను. ‘అబ్బాయి బాగున్నాడాండీ?’ అనెను. ‘బాగున్నాడమ్మా’ అంటిని. ఆమె ఇంకొక మాటకై కొంచెముసేపు టేపు చేతబట్టుకొని నిలిచినది. నాకు మాట రాలేదు. బుధవారమునకు ఇచ్చెదనని చెప్పి గుడ్డ మడిచి లోపల పెట్టినది.